ఎవరూ లేనివాళ్లకే

"తలెత్తమ్మా, సరిగ్గా చెరగట్లేదు," అంటూ బుజ్జిబాబు జేబురుమాలు తడిపి తల్లి నుదుటి మీద ఇంకోసారి రుద్దాడు.

పి.గన్నవరం అక్విడక్టు దాటాక, కారు ఓ పక్కకి ఆపి జరుపుతున్న కార్యక్రమం ఇది. బొట్టయితే పోయింది గానీ, యాభై ఏళ్లుగా ఉన్న చోటు కదా, గుండ్రటి మచ్చ మాత్రం ఖాళీ చెయ్యనంది.

"మీ నాన్నగారు నిక్షేపంలా ఉండగా నాకిదేం ఖర్మరా?" అంది వీరవేణి.

"నిక్షేపంలా ఉన్నారు గనకే ధైర్యంగా చెరుపుతున్నాను. ఉత్తుత్తికే కదా! మొగుడున్నాడంటే వాళ్లు చేర్చుకోరమ్మా."

మూడేళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ ఆస్తితో పాటు అమ్మానాన్నల్నీ పంచేసుకున్నారు. చేలు తీసుకున్న పెద్దవాడు గంగరాజుకి నాన్న, కొబ్బరితోట తీసుకున్న చిన్నవాడు బుజ్జిబాబుకి అమ్మ. నాన్నని కాకినాడలో ఏసీ ఉన్న హోమ్‌లో పెట్టానన్నాడు గంగరాజు. అమ్మని రావులపాలెంలో ఓ కేర్ హోమ్‌లో పెట్టాడు బుజ్జిబాబు. తోట అమ్మిన డబ్బు నెలనెలా కట్టగా కట్టగా కట్టలన్నీ అయిపోయాయి. పేరుకే కేర్ హోమ్. డబ్బు ఆగేసరికి డోన్ట్ కేర్ అన్నారు, వారంలో మంచం ఖాళీ చెయ్యమన్నారు.

ఇక మిగిలింది అంతర్వేది రోడ్డులో ఉన్న ఆశ్రమం. అక్కడ పైసా తీసుకోరు. కాకపోతే గేటు మీదే రాసుంటుంది, 'ఎవరూ లేనివాళ్లకే' అని. ఉన్నారని తేలిందా, ఆ పూటే బయటికి పంపేస్తారు.

"ఇక్కడా కాదంటేనో?"

"రావులపాలెం బస్టాండే గతి. నిన్ను ఇంటికి తెస్తే తను పుట్టింటికి పోతానంటోంది మీ కోడలు. ఏదీ, మెట్టెలు తియ్యి."

ఎడమ కాలిది వచ్చింది. కుడికాలు మాత్రం ఆవిడ వెనక్కి లాక్కుంది.

"ముందు మీ అన్నయ్యకి ఫోను చెయ్యి. శివరాత్రినాడు విన్నాను ఆయన గొంతు. మళ్లీ వినలేదు."

చేశాడు. స్పీకర్లో గంగరాజు పలికాడు. "నాన్నగారు పడుకున్నారమ్మా. లేచేక చేయిస్తాను."

"ఎప్పుడు చేసినా పడుకునే ఉంటారేంట్రా?"

"ఏసీ కదమ్మా. హాయిగా నిద్ర పట్టేస్తుంది."

ఫోను ఆగిపోయింది. వీరవేణి కాలు మాత్రం ముందుకి రాలేదు.

"సీటు దొరకనీయమ్మా," అన్నాడు బుజ్జిబాబు, గొంతులో బెల్లం కలిపి. "నెలకోసారి నేనే కాకినాడ తీసుకెళ్లి నాన్నని చూపిస్తాను. ఒట్టు."

ఆ ఒక్క మాటకి ఆవిడ కాలు చాపింది. మెట్టె వేలికి అతుక్కుపోయింది. తోట మొత్తం అమ్ముకున్నా కొబ్బరినూనె సీసా ఒకటి మిగుల్చుకున్నాడు మహానుభావుడు. నూనె రాసి లాగాడు, తుడిచి జేబులో వేసుకున్నాడు. తాళి మాత్రం ఆవిడే తీసి, కొంగున ముడేసి బొడ్లో దోపుకుంది.

"ఏదీ, ఓసారి చెప్పు. నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"కొంచెం గట్టిగా."

"ఎవరూ లేరు." ఈసారి వాడి ముఖంలోకి చూస్తూనే అంది.

"శభాష్!"

ఆశ్రమంలో పార్వతి అనే ఆవిడ పుస్తకం తెరిచింది. "ఆధార్ కార్డుందాండి?"

"గోదారి లంకలో ఇల్లు వరదకి కొట్టుకుపోయిందంటండి. దాంతోపాటే అదీను. ఆధార్ లేదు, ఆధారమూ లేదు, పాపం!" బుజ్జిబాబు దారంతా నూరుకుంటూ వచ్చిన డైలాగు. బాగా పేలింది.

"మామ్మగారూ, మీ ఆయన పేరేంటండి?"

వీరవేణి పుట్టి బుద్ధెరిగి మొగుడి పేరు నోటితో పలికిన మనిషి కాదు. ఓటర్ల లిస్టువాళ్లు వచ్చినా పక్కింటావిడ చేత చెప్పించేది. నిజం పేరైతే నోరు పెగిలేది కాదు. అబద్ధం పేరు గనక గడగడా వచ్చేసింది.

"సుబ్బారావండి. పోయేరండి."

"పిల్లలో?"

"ఎవరూ లేరండి."

పార్వతి బుజ్జిబాబు వైపు తిరిగింది. "మరి తమరేమవుతారండి?"

"దారిన పోయేవాణ్ణండి. బస్టాండులో ఒక్కరే కూచుని ఏడుస్తుంటే చూడలేక తీసుకొచ్చేను."

"ఈ రోజుల్లో కన్నకొడుకులు కూడా ఇలా చూడరండి!"

"ఆయ్," అన్నాడు బుజ్జిబాబు వినయంగా, సంతకం గీకుతూ.

"కాస్త కాఫీ తాగి వెళ్లండి."

"వద్దండి, అవతల పనుంది."

"పుణ్యాత్ములంతా ఇంతేనండి. ఎండాకాలం మొదట్లో ఒకాయనా అంతే. కాఫీ ముట్టకుండానే వెళ్లిపోయేరు."

కారు కదిలిన చప్పుడయింది. వీరవేణి వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే సీటు పోతుంది. దారిన పోయేవాడు దారిన పోయాడు.

"రండి మామ్మగారూ, భోజనాల వేళయింది," అంటూ పార్వతి చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లింది. "బెంగెట్టుకోకండి. ఇక్కడ అందరూ మీలాంటోళ్లే. ఎవరికీ ఎవరూ లేరు."

వీరవేణి తలెత్తలేదు. నెలకోసారి కాకినాడ అన్నాడు. ఇవాళ పదో తారీకు. వచ్చే పదికి ఇంకా ఎన్నాళ్లో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, నేల చూపులు చూస్తూ బల్ల మీద కూర్చుంది.

హాలు చివర ఓ ముసలాయన కొబ్బరాకులు ముందేసుకుని చీపురుకి ఈనెలు చీరుతున్నాడు.

"ఆ తాతగారూ అంతేనండి," అంది పార్వతి. "పెళ్లాం ఎప్పుడో పోయిందంట. పిల్లల్లేరంట. ఎవరితోనూ మాటా పలుకూ ఉండదు. కొత్తవాళ్లెవరొచ్చినా మంచినీళ్లు మాత్రం ఆయనే తెచ్చిస్తారు." అని కంచం తేవడానికి లోపలికి వెళ్లింది.

ముసలాయన గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఆవిడ బోసి నుదుటి వంక చూశాడు. నూనె ఇంకా ఆరని కాలివేళ్ల వంక చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, ఎవరికీ వినపడకుండా ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

"నేనెప్పుడు పోయేనే?"