మూల చిరిగిన అట్టపెట్టె

అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. యాభై దాటాక నేర్చిన రాత నాది. చెయ్యి మెల్లగా సాగుతుంది, అందుకే కథ కూడా పొట్టిదే.

"అమ్మా, నువ్వు నోరు విప్పకు," అంది నవోమి. "ఇంగ్లీష్ రాదని తెలిస్తే బొమ్మని ఫ్రీగా పట్టుకుపోతారు."

విమలకుమారి నోరు బిగించి కుర్చీలో నిటారుగా కూర్చుంది. అది 1986వ సంవత్సరం. అమెరికాలో షికాగో పక్కన నేపర్‌విల్ దగ్గర, పాత సామాన్లు అమ్ముకునే శనివారం ఫ్లీ మార్కెట్.

ఎదురుగా టేబుల్ మీద బొమ్మ. సన్నటి నడుము, నల్ల గౌను, ఎత్తు మడమల చెప్పులు. నవోమి చిన్నప్పుడు నాన్న కొన్నది. పాడవుతుందని తల్లి దాన్ని పెట్టెలోంచి తియ్యనివ్వలేదు. బొమ్మ ఇప్పటికీ కొత్తదే. పెట్టె మాత్రం బేస్‌మెంట్‌లో నీళ్ళొచ్చినప్పుడు తడిసి ఉబ్బింది. ఓ మూల చిరిగింది.

ఆ నాన్న పోయి ఏడాదయింది. సమాధి మీద రాయి ఉంది, పేరు లేదు. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు.

"దైవాశీర్వాదం! డాడీకి అంత లాంగ్ నేమ్ ఎందుకు పెట్టారమ్మా?"

"రాయి మీద చెక్కిస్తావని వాళ్ళకేం తెలుసే?"

"పోనీ, ఒక్క 'డి' చెక్కిద్దామా?"

"నీ ఇష్టం. ఎన్ని చెక్కించినా నేను చదివేదేముంది."

నవోమి వెళ్ళి వెనక టేబుల్ దగ్గర పాత పింగాణీ సామాను అమ్మడానికి నిలబడింది. అక్కడి నుంచి తల్లి కొప్పు ఒక్కటే కనిపిస్తుంది.

పాత బొమ్మలు సేకరించే ఓ అమెరికన్ పెద్దమనిషి, టోపీ పెట్టుకున్నవాడు, వచ్చి భూతద్దం తీశాడు. బొమ్మను వదిలేసి పెట్టెనే చూశాడు.

"మూల చిరిగింది, మేడమ్."

కొప్పు అటూ ఇటూ కదిలింది.

"తడిసింది కూడా."

మళ్ళీ కదిలింది.

ఆయన రెండు నోట్లు టేబుల్ మీద పెట్టాడు. "పెట్టె ఇలా ఉంటే ఇంతే. ఓకే?"

కొప్పు కదిలింది.

అమ్మ వద్దంటోందేమిటి అనుకుంది నవోమి. ఆ డబ్బుకి నాన్న పేరులో సగం వచ్చేది! వెళ్ళి ఆపుదామంటే ముందొక ముసలావిడ ప్రతి సాసరూ తిప్పి తిప్పి చూస్తోంది.

ఆయన ఇంకో నోటు వేశాడు. "ఓకే?"

కొప్పు కదిలింది.

ఇంకోటి. "ఓకే?"

కొప్పు ఈసారి మరింత గట్టిగా కదిలింది.

"మీరు సామాన్యులు కారు, మేడమ్!" ఆయన పర్సు దులిపేశాడు. "ఇంతకు మించి నా దగ్గర లేదు. ఓకే?"

కొప్పు ఆగలేదు. ఆయన విసిగిపోయి నోట్లు ఏరుకోబోయాడు. విమలకుమారి గబుక్కున లేచి బొమ్మనీ పెట్టెనీ ఆయన చేతుల్లో పెట్టేసింది.

కారులో నవోమి సంతోషం పట్టలేకపోయింది.

"డాడీ పేరు మొత్తం చెక్కించొచ్చు, సర్‌నేమ్‌తో సహా! నీకెంత ధైర్యమమ్మా! అన్నిసార్లు ఆయన మొహం మీదే నో అన్నావు!"

"చాల్లేవే, నేనెప్పుడు కాదన్నాను? పాపం ఆయన ఓకేనా అన్నప్పుడల్లా సరే, సరే అని తల ఊపుతూనే ఉన్నాను కదా!"

— గద్దె విమలకుమారి, 74 ఏళ్ళు. ఇప్పుడు న్యూజెర్సీ ఐసెలిన్‌లో, నవోమి ఇంట్లో.