చెయ్యి చూపిన వైపు

"మా ఆవిడకి నీళ్లంటే చచ్చేంత భయం," అన్నాడు నెవిల్, రబ్బరు రాఫ్ట్ ఎక్కబోతున్న వాళ్లందరికీ వినబడేలా. "బోల్తా పడితే ముందు నన్ను లాగండి. వచ్చే ఏడాదికి కూడా సీటు బుక్ చేసేశాను."

అందరూ నవ్వారు. రోస్లిన్ కూడా నవ్వింది.

ఆస్ట్రేలియాలోని ఈ టల్లీ నది మీద ఈ హాస్యం కొత్తది కాదు. నెవిల్ ఏటా ఒక్క సీటు బుక్ చేసుకుంటాడు. పెళ్లిరోజైనా, కూతురి పురుడైనా సరే, ఆయన నదిలోనే ఉంటాడు. రోస్లిన్ చెరకు తోటల మీదుగా కారు నడుపుకుంటూ దిగువ రేవుకి వెళ్లి, పొడి తువ్వాలు పట్టుకుని కూర్చుంటుంది.

"నన్నూ తీసుకెళ్లవా నెవ్?" అని ప్రతి ఏడూ అడుగుతుంది.

"నీకెందుకే ఇవన్నీ?" అని ప్రతి ఏడూ అంటాడు.

ఆమె కోరినది ఆ ఒక్కటే. ఈసారి కంపెనీ వాళ్లు పాత కస్టమరని రెండో సీటు ఊరికే ఇచ్చారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ ఏడూ తువ్వాలే.

గైడు డెక్లన్ పాతికేళ్లవాడు. జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. "మొన్నటి వానకి ఆఖరి మలుపులో ఎడమ పక్క పెద్ద చెట్టు పడింది. కొమ్మల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి పోలేడు. మనం కుడి పక్కనుంచే వెళ్తాం."

నెవిల్ వినడం లేదు. బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలకు తన న్యూజిలాండ్ కథ చెబుతున్నాడు. మొదటిసారి రాఫ్ట్ ఎక్కినప్పుడే నీళ్లలో పడ్డాడట. ఎవరి సాయమూ లేకుండా ఈదుకుంటూ ఒడ్డెక్కాడట. "అక్కడి గైడు నోరెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయాడంటే నమ్మండి!"

"ఇక నీళ్లలో పడితే ఏం చెయ్యాలంటే..." అన్నాడు డెక్లన్.

"ఒరేయ్, నీ బడి పాఠం ఆపరా. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ నదిలో ఉన్నాను నేను. డ్యాములోంచి వదిలిన నీళ్లు మనకోసం ఆగుతాయా? పద!"

"చిత్తం గురువుగారూ," అని నవ్వేసి డెక్లన్ అక్కడితో ఆపేశాడు.

రోస్లిన్, తన పక్కనున్న అమ్మాయికి హెల్మెట్ పట్టీ బిగించింది. తన పాదాన్ని రాఫ్ట్ మడతలోకి దూర్చి, తెడ్డు పట్టుకుని కూర్చుంది.

"పడినవాళ్లు సాయంత్రం తమ బూటులోనే బీరు పోయించుకుని తాగాలి. అది నది రివాజు," అన్నాడు నెవిల్. "రోస్, నీ బూటు శుభ్రంగా కడిగి పెట్టుకో!"

మధ్యాహ్నం దాకా అంతా బాగానే గడిచింది. ఆఖరి మలుపు దగ్గర రాఫ్ట్ బండరాయికి కొట్టుకుని ఒక పక్కకి లేచిపోయింది. ఒక అమ్మాయీ, నెవిలూ నీళ్లలో పడ్డారు.

అమ్మాయి దగ్గరలోనే తేలింది. డెక్లన్ వంగి, రెండు చేతులతో ఆమె లైఫ్ జాకెట్ పట్టి పైకి లాగుతున్నాడు. నెవిల్‌ను మాత్రం ప్రవాహం లాక్కుపోయింది. తల ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి మునుగుతోంది. నీళ్లలో ఉన్నవాడికి నురగ తప్ప ముందున్నదేమీ కనబడదు. అతను రాఫ్ట్ వైపు చూశాడు.

రోస్లిన్ మోకాళ్ల మీద లేచింది. చెయ్యి చాచి ఎడమ వైపు చూపిస్తూ, "నెవ్! నెవ్!" అని గొంతు చించుకుని అరిచింది.

నెవిల్ ఆ చెయ్యి చూశాడు. ఉన్న శక్తంతా కూడగట్టుకుని ఎడమ వైపు ఈదాడు.

చెట్టు కిందనుంచి అతన్ని బయటికి తీసేసరికి పొద్దు గుంకింది.

అంత్యక్రియలయ్యాక అందరూ ఊళ్లో పబ్బుకి చేరారు. రోస్లిన్ ముఖం చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "ఏమీ తెలియని మనిషిని నదిలోకి తీసుకెళ్తే ఇంతే," అని నెవిల్ చెల్లెలు గొణిగింది.

డెక్లన్ వచ్చి రోస్లిన్ కుర్చీ ముందు కూలబడ్డాడు.

"తప్పు మీది కాదమ్మా. అటు చెట్టుంది జాగ్రత్త అని చూపించారు మీరు. గట్టు మీద ఎవరైనా అదే చేస్తారు. కానీ నదిలో మేము ప్రమాదం వైపు చచ్చినా చెయ్యి చూపించం. వెళ్లాల్సిన వైపే చూపిస్తాం. నీళ్లలో పడ్డవాడు ఇంకేం ఆలోచించడు, చెయ్యి ఎటుంటే అటే ఈదుతాడు. ఆ ఒక్క ముక్క ఆ రోజు మీకు చెప్పి ఉంటే..." వాడు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

రోస్లిన్ వాడి తల నిమిరింది. "ఏడవకు నాన్నా. ఆపమన్నది ఆయనేగా."

గైడ్లు నెవిల్ బూటు తెచ్చి అంచుదాకా బీరు పోశారు. పడినవాడి వంతు ఎవరో ఒకరు తాగాలి కదా. ఆ వాసనకే జనం ముక్కు మూసుకున్నారు. రోస్లిన్ చెయ్యి చాచి బూటు అందుకుంది. బూటు మడమ పైకెత్తి, ఊపిరి తీసుకోకుండా, చుక్క మిగల్చకుండా తాగేసింది.

"అబ్బో, బాగా అలవాటున్నట్టుందే!" అని ఎవడో నోరు జారి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

నలభై ఏళ్ల కిందట న్యూజిలాండ్ నదిలో గుడ్లు తేలేసిన నెవిల్‌కి చెయ్యి చాచి ఒడ్డు చూపించి బతికించిన గైడు, ఆ తర్వాత అతన్నే పెళ్లాడి తెడ్డు వదిలేసిన ఆ గైడు పేరు, రోస్లిన్.