ఎదురు సాలు

“రూత్ పాస్‌వర్డుతో పని చేసింది నువ్వేనా?” లండన్ కంపెనీ బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించే ఆదోని ఆఫీసులో మేనేజర్ ఉమేష్ గద్దించాడు.

“నేనే అన్నా,” అంది మహాదేవి. “ఆ పిల్లకు ఏడో నెల. నా బిల్లులు అయిపోయినాక ఆయమ్మవి కొన్ని ఎక్కించినా.”

“లండన్ కంపెనీకి అది దొంగపని. ఇప్పుడే కాల్‌కు వస్తాండారు. పేరు ఇయ్యకపోతే టీమునే తీసేస్తారు. పాస్‌వర్డు రూత్‌ది, ఆయమ్మ పేరే ఇస్తా.”

“పత్తి ఇడిపించేటప్పుడు, ముందు సాలు అయిపోయినోళ్లు వెనకబడినోళ్ల సాలుకు ఆ కొస నుంచి ఎదురు పోయి ఇడిపించరా?”

“ఇది చేను కాదు. నోరు మూసుకో.”

“మూసుకుంటా. మన కోసిగిలో మీ అమ్మ జరంతో చేన్లో కూలబడితే, ఎవరూ ఎదురు పోలేదా?”

ఉమేష్‌కు చిన్నప్పటి ఆ చేను గుర్తొచ్చింది. గట్టు మీద కూర్చుని ఏడుస్తున్న తనకు ఆ రోజు పత్తి మొక్కల మధ్య నుంచి అమ్మ వైపు వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. ఆమె సాలు ఎవరు తీశారని రైతు ఎంత అరిచినా అమ్మ వాళ్ల పేర్లు చెప్పలేదు.

తెర వెలిగింది. లండన్ ఆయన పలకరింపు కూడా లేకుండా పేరు అడిగాడు.

“వాళ్లను అలా చేయమన్నది నేనే,” అన్నాడు ఉమేష్ ఇంగ్లీషులో.

“అయితే రేపటి నుంచి మీరు రావద్దు. టీము పని చేసుకోవచ్చు.”

తెర ఆరిపోయింది. ఉమేష్ మహాదేవి వైపు తిరిగాడు. కోపం ఇంకా తగ్గలేదు.

“రేపు నా కుర్చీలోకి ఎవరొచ్చి అడిగినా, ఆ పిల్ల పేరు ఇయ్యొద్దు.”

“నాకు సెప్పాల్నా అన్నా?” అంది మహాదేవి.