ఒక్కటైతే అమ్మం

ఒక్క గొర్రెపిల్ల కోసం పొద్దున్నుంచి మూడు దొడ్లు తిరిగాం. మూడు చోట్లా ఒకటే పాట: ఒక్కటైతే అమ్మం, జతగా కొంటేనే ఇస్తాం. ఇంటి వెనక ఉన్నదే చారెడు నేల, అందులో గడ్డి మేయడానికి రెండెందుకని అన్నయ్య మొండిపట్టు. నాకేమో నాలుగింటికి బస్సు.

"రెండూ కొనెయ్ అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది. నా బస్సు పోయేలా ఉంది."

"ఒక్కటి చాలన్నానా!"

నాలుగో దొడ్డిలో ముసలమ్మ రెండు పిల్లల్ని పట్టుకొచ్చింది. అన్నయ్య ఒకదాని పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు, పొట్ట తడిమాడు. ధర కుదిరింది. తీరా తాడు అందుకోబోతే ఆవిడ వెనక్కి లాక్కుంది.

"ఒక్కటేనా? అయితే ఇవ్వను."

నాకు ఒళ్లు మండింది. "ఒక్కటిస్తే మీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్ము కాదమ్మా, దాని ప్రాణం పోతుంది. మందలో పుట్టిన పిల్ల. ఒంటరిగా కట్టేస్తే బెంగ పెట్టుకుని మేత ముట్టదు. ఎలా బతుకుతుంది?"

"నేను బతకట్లేదా?" అన్నయ్య గట్టిగా అరిచాడు.

ముసలమ్మ అన్నయ్యని ఎగాదిగా చూసింది. నేనూ చూశాను. చొక్కాకి రెండు గుండీలు లేవు. వదిన కన్నుమూసి ఏడాదైంది.

ఆవిడ రెండు తాళ్లూ అన్నయ్య చేతిలో పెట్టింది. అన్నయ్య రెండింటికీ డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆటోలో ఒక పిల్ల అన్నయ్య ఒళ్లో, ఒకటి నా ఒళ్లో.

"నాలుగవుతోంది, నీ బస్సు!" అన్నాడు అన్నయ్య.

"పోతే పోనీ. సూదీ దారం ఎక్కడున్నాయో చెప్పు."