కళ్లకద్దుకున్న బంతి

కాలేజీ బేస్‌బాల్ జట్లకు పిల్లల్ని ఎంచేది ఇప్పుడు మైదానం పైన వేలాడే యంత్రపు కన్నే. జట్టులో సీటు కోసం వచ్చిన సుంకులమ్మ విసిరే ముందు ప్రతిసారీ బంతిని కళ్లకద్దుకుంటుంది. అది చూసి కన్ను, "చూపు లోపం. సీటు వద్దు" అని తేల్చేసింది.

అనంతపురం కోచ్ నాగముని దానితో వారంపాటు పోట్లాడాడు. "చూపు తక్కువై కాదప్పా, బంతికి దండం పెట్టుకుంటాంది!" చివరికి తన పూచీ మీద సీటు ఇప్పించాడు.

సంగతి తెలియగానే సుంకులమ్మ పరుగున వచ్చింది. "మీ మేలు మర్సిపోను సార్" అంటూ ఆయన కాళ్లమీద పడింది.

"క్రీడాకారిణి పడిపోయింది. అంబులెన్సు పిలవనా?" అంది కన్ను.

"పడిపోలేదప్పా, మొక్కుతాంది. నువ్వు ఊరకుండు."

కన్ను కాసేపు ఆయన ముఖంలోకే చూసింది.

"కోచ్ గారికి చూపు మసకబారింది."

ఈసారి అది తప్పు చెప్పలేదు.