తల్లి పోలిక

ఇరవై రోజుల పసివాడి ఒంటి మీద నాలుగు నీటిపొక్కులు చూసి, బొబ్బిలి డాక్టరమ్మ అడిగింది: "ఇంట్లో ఎవరికైనా సర్పి వచ్చిందా? దాని నీరు తగిలితే పిల్లలకి ఆటలమ్మ వస్తుంది."

బిడ్డ తల్లి గౌరి లేదంది. పక్కనే ఉన్న అత్త గున్నమ్మ కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుంది. తన మోకాలి మీది సర్పికి నాటుమందుగా ఎర్రటి కావి పూసుకుని, ఎవరికీ చెప్పకుండా, రోజూ ఆ కాళ్ల మీదే మనవణ్ణి పడుకోబెట్టి నీళ్లు పోస్తూ వచ్చింది. తను మానేస్తే వియ్యపురాలు వచ్చి పోస్తుందని ఉక్రోషం.

"పిల్లడికి ఏటైనా అవుతాదా అమ్మా?" అడిగింది గున్నమ్మ.

"గండం తప్పినట్టే. మీ కోడలికి చిన్నప్పుడు ఈ ఆటలమ్మే పోసింది కదా," అంది డాక్టరమ్మ, గౌరి చెంపల మీది గుంటలు చూస్తూ. "అప్పుడు ఆమె రక్తంలో పుట్టిన యాంటీబాడీలు కడుపులోనే బిడ్డకి చేరాయి. అవి వైరస్‌ని పట్టుకుని కణాల్లోకి దూరనివ్వవు. అందుకే నాలుగు పొక్కులతో పోయింది."

బిడ్డ పుట్టిన రోజు వాడి నున్నటి బుగ్గలు తడిమి, గౌరికి వినపడేలా తను అన్న మాట గున్నమ్మకి గుర్తొచ్చింది: "తల్లి పోలిక రానేదు, అదే సాలు."

ఇంటికొచ్చాక గౌరి వేడినీళ్లు తెచ్చిపెట్టి, "కూకో అత్తా, పిల్లడికి నీల్లు పొయ్యి," అంది.

గున్నమ్మ కూర్చోలేదు. చీర మోకాలి పైకి లాగి, ఎండిన కావి చూపించింది.

"నా కాల్ల మీద వద్దమ్మా. నీ కాల్ల మీదే పొయ్యి. ఆడికి నీ పోలికే వచ్చినాది."