పెయింటు డబ్బాలో వాన లిల్లీలు

"ఏవండీ, ఒక్కసారి ఇలా వచ్చి చూడండి."

రామతులసి కేకకు సంజీవరావు నోట్లో బ్రష్‌తోనే వాకిట్లోకి వచ్చాడు.

గోడవార పెయింటు డబ్బా నిండా గులాబీరంగు వాన లిల్లీలు. మొన్నటి తొలకరికి మొగ్గ తొడిగి, తెల్లారేసరికి విచ్చుకున్నాయి. ఆమె అప్పటికే రెండుసార్లు లెక్కపెట్టింది. పందొమ్మిది.

"బతుకుతాయని ఆ బురద ఎత్తిన పెద్దాయన అననే అన్నాడండీ" అంది, ఊపిరి తిరగనంత సంబరంగా.

నిరుడు వరద తీసిన రోజు సింగ్‌నగర్‌లో వాళ్ల వీధంతా మోకాలిలోతు బురద. ఆరేళ్లు పెంచుకున్న లిల్లీ కుండీలను ఆమె చెత్త ట్రాక్టరులోకి గిరాటేస్తోంది.

బురద ఎత్తుతున్న పెద్దాయన ఒకాయన పార పక్కన పెట్టి అడ్డొచ్చాడు.

"దుంపలు పారెయ్యకండమ్మా."

"ఇంట్లో మంచమే మిగల్లేదు, దుంపలేం చేసుకోను? నీ పని నువ్వు చూసుకో."

ఆయన బురదలోంచి ఒక్కో దుంపా ఏరి వేళ్లతో నొక్కి చూశాడు. మెత్తబడ్డవి పడేశాడు. గట్టివి కడిగాడు. ఎవరో పారేసిన పెయింటు డబ్బాకు అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మట్టిలో ఇసుక కలిపి నాటాడు.

"నీళ్లు ఎక్కువ పొయ్యకండమ్మా. వచ్చే తొలకరికి చూసుకోండి."

ఆమె ఆయన పేరైనా అడగలేదు.

ఇప్పుడు చెప్పులైనా వేసుకోకుండా, ఫోన్‌లో పూల ఫొటో పట్టుకుని వీధి చివరకు పరుగెత్తింది. చెత్తబండి దగ్గర మేస్త్రీ యేసుబాబు కనిపించాడు.

"యేసుబాబూ, వరదప్పుడు మీతో తెల్లమీసాల పెద్దాయన వచ్చాడే, ఇవాళ ఏ వీధిలో ఉన్నాడో చెప్పు. ఈ పూలు ఆయనకి చూపించాలి."

యేసుబాబు ఫోన్ అందుకుని ఫొటో చూశాడు.

"బసవయ్య గారండీ. ఆయన మా మనిషి కాదమ్మా. నాలుగు రోజులు నా పక్కనే బురద ఎత్తారు. కూలి ఇప్పిస్తామంటే వద్దన్నారు."

"అయితే ఎక్కడుంటారు? నేనే వెళ్తాను."

"మొన్న వేసవిలో ఊరొదిలి ఎటో వెళ్లిపోయారంటమ్మా. ఫోనూ కలవట్లేదు."

రామతులసి చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఇంతకీ ఎవరాయన?"

"ఏటి మధ్య లంకలో లిల్లీపూల రైతండీ. అదే వరదకి రెండెకరాల తోటా కృష్ణలో కొట్టుకుపోతే, అక్కడ ఎత్తడానికేమీ మిగల్లేదని మన వీధికొచ్చి పార పట్టారు."